పదకొండు కేవీ మోహనరాగం

మా ఎం.ఏ. సంగీతం వాట్సాప్ గ్రూపులో చివరి మెసేజ్ "హాల్‌టికెట్లు వచ్చాయా?" అన్నది. దానికి ఎవరూ జవాబివ్వలేదు. పరీక్షలైపోయి, ఫలితాలొచ్చి, ఎవరి పనుల్లో వాళ్లు పడ్డాక కూడా ఆ ప్రశ్న అక్కడ అలాగే ఉండిపోయింది. మొన్న శుక్రవారం పొద్దున దాని కింద ఒక ఫొటో వచ్చి పడింది. నల్ల అంచు, రెండు తెల్ల పావురాలు, పైన "ప్రభువునందు నిద్రించిరి" అన్న అక్షరాలు, నడుమ మా లైన్‌మ్యానన్న.

ఆ ఫొటో నాకు తెలుసు. పరీక్ష ఫారానికి అంటించడానికి నంద్యాల బస్టాండు దగ్గర స్టూడియోలో తీయించుకున్నది. ఆ రోజు నేను కూడా ఫొటోకే వెళ్లాను. ఫొటోగ్రాఫరు కొంచెం నవ్వమంటే ఆయన "పరీక్షకు నవ్వేదేంది" అన్నాడు. చనిపోయినప్పుడు వేయడానికి కూడా ఇంట్లో వాళ్లకు ఇంకో ఫొటో దొరకనట్టుంది.

పేరు కూడా ఫొటో కింద రాశారు. మేము ఒక్కసారి కూడా ఆయన్ని ఆ పేరుతో పిలవలేదు. ఆళ్లగడ్డలో కరెంటు ఆఫీసులో లైన్‌మ్యాన్ కాబట్టి లైన్‌మ్యానన్న. ఆయనా మమ్మల్ని పేర్లతో పిలవలేదు. మా మామగారికి నంద్యాలలో ఇత్తడి, కంచు సామాన్ల అంగడి ఉంది కాబట్టి నేను అంగడి పాపను. అప్పటికి నాకు ముప్పై మూడేళ్లు, ఇద్దరు పిల్లలు.

యూనివర్సిటీ ఎక్కడో ఉంది. మాకు తెలిసిన యూనివర్సిటీ మాత్రం నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు శని, ఆదివారాలకు వదిలిన బాటనీ ల్యాబు. గోడ పొడుగునా సీసాల్లో నాచు, వేర్లు, ఏవో పసుపుపచ్చటి ద్రవంలో ఊరుతూ ఉండేవి. శ్రుతిపెట్టెను వాటి పక్కన పెట్టుకుని ఐదుగురం పాడేవాళ్లం. ఐదుగురి కంటే తగ్గితే సెంటరు ఎత్తేస్తామని యూనివర్సిటీ వాళ్లు ముందే చెప్పారు. కాబట్టి ఎవరెంత ఘోరంగా పాడినా మా మేడం మానేయమని అనలేదు.

లైన్‌మ్యానన్న మొదటి ఆదివారం పదకొండు దాటాక వచ్చాడు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా, జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు. ఆళ్లగడ్డలో చర్చి ఆరాధన ముగించుకుని బస్సెక్కితే ఆ వేళవుతుంది. మేడం కోస్తా మనిషి, పద్ధతి గల మనిషి. ఆలస్యం గురించి ఏమీ అనకుండా, "మీరేం పాడతారు?" అని అడిగారు.

"పాడను మేడం. నేర్చుకునేకి వచ్చినా."

"ప్రవేశపరీక్షకు ఏదో ఒకటి పాడి ఉంటారు కదా?"

"పాడినా. సీట్లు మిగిలినాయంట, ఇచ్చినారు."

మేడం సరళీస్వరాలు పాడమన్నారు. పాడాడు. గ్రీజు లేని చేతిపంపు కొడుతున్నట్టుంది. కానీ ఒక్క స్వరమూ పక్కకు పోలేదు. ప్రతిదీ ఉండాల్సిన చోటే ఉంది, వినలేనట్టు ఉంది. మేడం కాసేపు సీసాల వైపు చూశారు. "స్వరస్థానాలు బాగున్నాయి" అన్నారు.

"చెవి మంచిదే మేడం. గొంతే వేరేవాళ్లది తగిలించినారు."

ఎందుకు చేరాడో మాకు మూడో వారం చెప్పాడు, మీటరు రీడింగు చదివినట్టు. ఇరవై ఏళ్ల వయసు నుంచి ఆళ్లగడ్డలో తమ చర్చిలో హార్మోనియం ఆయనే వాయించాడు. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు తన బామ్మర్దిని తెచ్చుకున్నారు. ఆ బామ్మర్ది దగ్గర కీబోర్డు ఉంది. కీబోర్డు నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ కూడా ఉంది. "పెద్దాయనా, ఇంక మీరు విశ్రాంతి తీసుకోండి. మా వాడు సర్టిఫికెట్ ఉన్నవాడు" అన్నారు అయ్యగారు. ఈయన కోపపడలేదు. "దానికంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంది అయ్యగారూ?" అని అడిగాడు. అయ్యగారు నవ్వి, "ఎం.ఏ. ఉంటుంది" అన్నారు.

"సరే అని ఇంటికి పోయి అన్నం తిన్యా. ఎప్పుడో ప్రైవేటుగా కట్టిన బీఏ ఉండె. మర్నాడు సీఎల్ పెట్టి అప్లికేషన్ తెచ్చుకున్యా" అన్నాడు లైన్‌మ్యానన్న. కథ అంతే. టిఫిన్ డబ్బా తెరుచుకున్నాడు.

ల్యాబు కిటికీ బయట ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. విరామంలో ఆయన దాని కింద తల వాల్చి నిలబడేవాడు. ఏదో లోపం వెతుకుతున్నాడేమో, మాకు కరెంటు పోతుందేమో అనుకున్నాను.

"ఏం చూస్తాండావన్నా?"

"చూడ్డంల్యా. ఇంటాండా. ఐదుకూ ఐదున్నరకూ నడుమ ఉంది."

మేం శ్రుతి ఎత్తును ఒకటి, ఒకటిన్నర, రెండు అని లెక్క చెప్పుకుంటాం. ఆడవాళ్లం ఎక్కువమంది ఐదు, ఐదున్నరలో పాడతాం. ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఆడవాళ్లలాగే, కాకపోతే కింది స్థాయిలో పాడుతోందని ఆయన చెప్పేది. "ఆళ్లగడ్డలో గూడ ఇదే. యాడికన్నా పో, ఇదే. దేశమంతా ఒకటే శ్రుతి పెట్టినారు. ఎవురూ పాడరు" అన్నాడు. మేడంకు నమ్మకం కలగలేదు. ఫోనులో శ్రుతి కొలిచే యాప్ తెరిచి ట్రాన్స్‌ఫార్మర్ వైపు చేయి చాపారు. ఐదుకూ ఐదున్నరకూ నడుమే ఉంది. ఫోను హ్యాండుబ్యాగులో పెట్టుకుని, "సరే, వర్ణం తీయండి" అన్నారు.

కరెంటు పోయినప్పుడు మాత్రం క్లాసంతా ఆయన వైపు తిరిగేది. ఆయన నోట్సులోంచి తలెత్తేవాడు కాదు. "ఇది నంద్యాల సెక్షను. నాది ఆళ్లగడ్డ" అనేవాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నేను చిన్నప్పటి నుంచి మంచిగా పాడతానని పేరు. బడిలో బహుమతులు, పెళ్లిచూపుల్లో పాట, పెళ్లయ్యాక పండగలకు వాసవీ గుడిలో పాట. ఎం.ఏ. అయితే బడిలో సంగీతం టీచరు ఉద్యోగం వస్తుందని చేరాను. బాగా పాడటం గురించి నాకేమీ అనుమానం లేదు. ఒక శనివారం నేను మోహనంలో వర్ణం పాడి ముగించాను. మిగతా ముగ్గురూ ఆహా అన్నారు. మేడం తలాడించారు. లైన్‌మ్యానన్న, "బాగుంది పాపా. గాంధారం ఒక్కటి కిందికి దిగుతాంది" అన్నాడు.

"యాడ?"

"అది ఉండే ప్రతిచోటా."

పదిహేనేళ్లుగా నాకెవరూ చెప్పని మాట. మేడం వైపు చూశాను. మేడం సీసాల వైపు చూశారు. ఆవిడకు తెలుసన్నమాట. ఐదుగురి లెక్క తగ్గకూడదని ఊరుకున్నారన్నమాట. ఆ మాట కంటే అది ఎక్కువ గుచ్చుకుంది. తర్వాతి రెండు వారాలూ నేను క్లాసుకు వెళ్లలేదు.

మూడో వారం బుధవారం మధ్యాహ్నం ఆయన మా అంగడికి వచ్చాడు. గల్లాపెట్టె దగ్గర మామ ఉన్నాడు. నేను వెనక గదిలో సామాన్లకు చీటీలు అంటిస్తున్నాను.

"ఏం కావల్లప్పా?" అన్నాడు మామ.

"కంచు చెంబు సూపియ్యండి శెట్టిగారూ."

మామ ఒకటి తీసిచ్చాడు. ఈయన దాన్ని అరచేతిలో పెట్టుకుని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, కింద పెట్టాడు. ఇంకొకటి. ఇంకొకటి. మామకు ముచ్చటేసింది. కంచు తెలిసిన గిరాకీ వచ్చాడనుకున్నాడు. నిచ్చెన వేసుకుని పై అరలోవి కూడా దించాడు. "కల్తీ ల్యాదప్పా. మా తాత కాలంనాటి సరుకు" అన్నాడు.

"కల్తీ గాదు శెట్టిగారూ. ఎత్తు సరిపోవడంల్యా."

పన్నెండోదో పదమూడోదో ఒక చిన్న చెంబు. దాన్ని రెండుసార్లు మీటాడు. అప్పుడు వెనక గది వైపు చూసి, "పాపా, ఈడికి రా. నీ ఐదున్నర పట్టు" అన్నాడు.

నేను ఆ అంగడిలో ఎప్పుడూ గొంతు విప్పలేదు. కోడలు అంగడిలో చీటీలు అంటిస్తుంది, పాడదు. ఇద్దరు గిరాకీలు బిందెల దగ్గర నిలబడి ఉన్నారు. మామ నిచ్చెన మీద ఉన్నాడు. నేను నోరు మూసుకుని సన్నగా షడ్జం పట్టాను. ఆయన చెంబు మీటాడు.

"ఇదీ గాంధారం. నువ్వు పెట్టేది దీనికి నూలుపోగంత కింద. గొంతు మంచిది గాబట్టి ఎవురికీ తెలవదు. ఎవురికీ తెలవంది పోదు, ఉంటాది. నేను చెప్పిందానికి కోపమైతే ఆదివారం వచ్చి తిట్టు. క్లాసు మానుకోవాకు."

చెంబు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మామ నిచ్చెన దిగి, కింద పరిచిన చెంబులన్నీ చూశాడు.

"ఎవురమ్మా ఆయప్ప? కొనకుండానే పాయె."

"మా క్లాసుమేట్ మామా."

"ఆ వయసులోనా." మామ ఒక్కొక్క చెంబూ పైకి సర్దుకుంటూ వచ్చి, ఆ చిన్నదాని దగ్గర ఆగాడు. తనూ ఒకసారి మీటి చూశాడు. "ఇది అమ్మొద్దులే. లోపల పెట్టుకో" అన్నాడు.

ఆదివారం మళ్లీ క్లాసుకు వెళ్లాను. రోజూ తెల్లవారి పాలు కాగేలోపు చెంబు మీటడం, గాంధారం పట్టడం. నెల పట్టింది. నా గాంధారం ఎక్కడుందో తెలిశాక, అంతకు ముందు నేను పాడిన పాటలన్నీ ఎలా ఉండేవో కూడా తెలిసింది. ఆ నెలంతా నాకు ఎవరి మీదా కోపం రాలేదు. సిగ్గుకే సమయం చాలలేదు.

రెండో సంవత్సరం సిలబస్సులో ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక రచన చేయాలని ఉంది. రాగం, తాళం, సాహిత్యం, స్వరలిపి, అన్నీ సొంతవి. గొంతు సహకరించని వాళ్ల రచనను తోటి విద్యార్థి పాడవచ్చు. మాలో ఒకరు వేంకటేశ్వరుడి మీద రాశారు, ఒకరు సరస్వతి మీద. నేను అమ్మవారి మీద రాశాను. లైన్‌మ్యానన్న కరెంటు ఆఫీసు ఫారం వెనక వైపు రాసుకొచ్చిన కాగితం మేడంకు ఇచ్చాడు.

మేడం చదివారు. పల్లవిలో పడకండ్ల, పేరాయిపల్లె. అనుపల్లవిలో కోటకందుకూరు. చరణంలో నల్లగట్ల, బత్తలూరు, ఇంకా తొమ్మిది.

"ఇవేమిటి?"

"ఊర్లు మేడం. నాకి సాహిత్యం రాదు. ఊర్ల పేర్లు వచ్చు. ముప్పై ఏండ్లుగా వీటికి తీగలు కట్టినా."

"మోహనం ఎందుకు తీసుకున్నారు?"

"మా చర్చి హార్మోనియంలో మధ్యమం మెట్టు మూగపాయె. నిషాదం ఎలకలు కొరికినాయి. ఉండేవాటితో మోహనమే వస్తాది."

మేడం కాగితాన్ని మడిచి, మళ్లీ విప్పి, స్వరాలను లోలోపల పాడుకున్నారు. ఒకచోట ఆగి మొదటికి వెళ్లారు. "స్వరం చాలా బాగుంది" అన్నారు. ఆయన నా వైపు తిరిగి, "అంగడి పాప పాడితే బాగుంటాది" అన్నాడు.

అలా నేను బుధవారాలు ఆళ్లగడ్డకు పోవడం మొదలైంది. పక్కన పెట్టిన హార్మోనియం చర్చిలో మెట్ల కింద బల్లగుడ్డ కప్పుకుని ఉండేది. మధ్యాహ్నం అక్కడ ఎవరూ ఉండరు. మామకు ఎవరో చెప్పారు.

"చర్చికి పోతాండావంట?"

"పాట నేర్చుకునేకి మామా."

"ఏం పాట?"

"ఊర్ల పేర్లు మామా."

మామ గల్లాపెట్టె మూశాడు. "ఊర్ల పేర్లకు మతమేముంటాదిలే. బేగా వచ్చెయ్" అన్నాడు.

ఆయన నేర్పడం లైను మీద నడిపించినట్టు ఉండేది. "నల్లగట్ల కాడ సాగదీయి. ఆడ స్తంభాలు దూరం దూరం." "బత్తలూరు కాడ స్వరం ఊగల్ల. ఆడ గాలి." "కోటకందుకూరు కాడ నేరుగా పో, ఊగులాట వద్దు. ఆ లైను నేనే లాగినా, బిర్రుగా ఉంటాది." నేను నవ్వితే ఆయన నవ్వేవాడు కాదు. ఊగమన్నచోట ఊగితే, బిర్రుగా పొమ్మన్నచోట పోతే, పాట నిజంగానే బాగుండేది.

పల్లవి చివర పేరాయిపల్లె తర్వాత ఒక అక్షరకాలం ఖాళీ. నేను అది పూరించి పాడేదాన్ని, నోటికి అలా అలవాటు. ఆయన హార్మోనియం ఆపేవాడు. రెండు బుధవారాలు ఆపాడు. మూడోసారి అడిగాను, అక్కడ ఎందుకు ఆగాలని.

"ఆడ మా జతగాడు స్తంభం మీంచి పడినాడు. నేను కింద ఉండా. ఎల్సీ తీసుకున్నారని చెప్పినారు. ల్యా."

ఎల్సీ అంటే లైనులో కరెంటు ఆపామని సబ్‌స్టేషను వాళ్లిచ్చే మాట. ఆయన హార్మోనియం తిత్తి మీద చేయి అలాగే ఉంచి, "ఆడ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లా పడకండ్లకు రా" అన్నాడు. నేను పాడాను. ఆగాను. ఆ తర్వాత ఎప్పుడూ మరిచిపోలేదు.

పరీక్షకు యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మంచి మనిషి, మంచి విద్వాంసుడు. నేను పాడుతుంటే కళ్లు మూసుకుని తాళం వేశారు. పాట అయ్యాక కాగితం చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు.

"స్వరకల్పన నిర్దుష్టంగా ఉంది. కానీ సాహిత్యం? ఇది సాహిత్యం కాదండీ. బస్సు బోర్డు."

"బస్సు ఈ దోవన పోదు సార్" అన్నాడు లైన్‌మ్యానన్న. "ఇది పదకొండు కేవీ లైను."

పెద్దాయనకు కోపం రాలేదు. ఓపికగా చెప్పారు. దేవుడి మీద రాయండి, మీ దేవుడైనా సరే. ప్రకృతి మీద రాయండి. ఏదో ఒక భావం ఉండాలి. మాటలు మార్చి పంపితే ఇంట్లో కూర్చునే మార్కులు వేస్తాను. లైన్‌మ్యానన్న అన్నీ విని, "ఈ ఊర్లకు కరెంటు ఇచ్చినప్పుడు భావం ఏందని ఎవురూ అడగల్యా సార్" అన్నాడు.

ఆ పేపరు తప్పాడు. మేం నలుగురం పాసయ్యాం. నాకు నంద్యాలలోనే ఒక ప్రైవేటు బడిలో సంగీతం టీచరు ఉద్యోగం వచ్చింది.

నాకు మనసు ఆగలేదు. నేను పాడిన పాట తప్పిందంటే నేను తప్పినట్టే ఉంది. పది రోజులు కూర్చుని ఆ స్వరానికి సరిగ్గా సరిపోయేట్టు సాహిత్యం రాశాను. వెలుగు మీద. అందులో ఏసు ఉన్నాడు, వెన్నెల ఉంది, పరీక్షాధికారికి కావలసిన భావం మూటలు మూటలు ఉంది. తీసుకుని ఆళ్లగడ్డ పోయాను. ఆయన సబ్‌స్టేషను ముందు స్టూలు మీద కూర్చుని చదివాడు, రెండుసార్లు.

"బాగుంది పాపా. దీనికి ఇంకో పాట చేసుకో."

"అన్నా, ఇది నీ పాటకే రాసినా. మాటలు మార్చుకుంటే పాసయితావు. పాసయితే నీ సర్టిఫికెట్ నీకొస్తాది. దానికోసమే కదా వచ్చినావు."

"పేరాయిపల్లె ఉండే చోట ఏం పెట్టినావు?"

చూశాను. అక్కడ 'కరుణామయా' అని ఉంది.

"బాగానే ఉంది" అన్నాడు. కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "అది కరుణామయుడు పడిన చోటు గాదు."

నాకు ఒళ్లు మండింది. ఏడాదంతా ప్రతి బుధవారం బస్సుల్లో తిరిగాను, మామకు జవాబులు చెప్పుకున్నాను, చర్చిలో పాడుతోందని చుట్టాలు అంటే పడ్డాను. "అయితే నేను పాడను" అన్నాను. "ఇంకెవరినన్నా చూసుకో."

"సరే" అన్నాడు. లోపలికి పోయి నాకు నీళ్లు తెచ్చిచ్చాడు. బస్సు వచ్చేవరకు నిలబడ్డాడు.

మరుసటి ఏడు పరీక్ష తేదీ మేడం చెబితే తెలిసింది. ఎవరు పాడుతున్నారని అడిగాను. ఆయనే పాడుకుంటానన్నాడట. ఆ రోజు మా బడిలో వార్షికోత్సవం. నా పిల్లల బృందగానం పదకొండింటికి. పదిన్నరకు పిల్లలను వరసలో నిలబెట్టి, శ్రుతి చూసి, డ్రిల్లు సారుకు అప్పగించి, ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాను. ప్రిన్సిపాల్ గారు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. ఆ తర్వాత మెమో కూడా ఇచ్చారు, దాచుకున్నాను.

బాటనీ ల్యాబు వసారాలోకి వచ్చేసరికి లోపల ఆయన గొంతు వినపడుతోంది. పడకండ్ల. స్వరం ఉండాల్సిన చోటే ఉంది. గొంతు మాత్రం బొంగురుగా గీరుకుంటోంది. పేరాయిపల్లె. ఆగాడు. ఆ ఆగడం ఎంత బాగుందో వసారాలో నిలబడి వింటేనే తెలిసింది. పాడేటప్పుడు తెలియదు. మళ్లీ పడకండ్లకు రాబోయేసరికి గొంతు పూర్తిగా జారిపోయింది. దగ్గు. ఆయన వాయిస్తున్న హార్మోనియం ఒక్కటే మోగుతోంది.

నేను లోపలికి వెళ్లి, చెప్పులైనా విప్పకుండా, పడకండ్ల దగ్గర అందుకున్నాను. ఆయన తల తిప్పలేదు. మెట్ల మీద వేళ్లు ఒక్క అక్షరకాలం కూడా తడబడలేదు. చివరిదాకా పాడాను. ఈసారి వచ్చిన పరీక్షాధికారి నడివయసు ఆవిడ. పాట అయ్యేవరకు ఊరుకుని, తర్వాత తన ముందున్న జాబితా చూసుకున్నారు. అందులో ఒక్క పేరే ఉంది.

"ఈమె ఎవరు?"

"నా గొంతు మేడం" అన్నాడు లైన్‌మ్యానన్న. "ఆటో దొరక్క ఆలస్యమాయె."

ఆవిడ జాబితా పక్కన పెట్టి కలం తీశారు. తర్వాత ఏదో రాసుకున్నారు. ఫలితాలు వచ్చాక మా మేడం చెప్పారు, పాసుకు ఎన్ని కావాలో సరిగ్గా అన్నే వేశారని. పక్కన ఒక మాట కూడా రాశారట: సంగీతం బాగుంది, ఊళ్లు చూడలేదు.

డిగ్రీ పట్టా చేతికి వచ్చిన వారం ఆయన దాన్ని జిరాక్సు తీయించుకుని అయ్యగారి దగ్గరకు పోయాడు. అయ్యగారు చదివి, కొంచెం ఇబ్బంది పడి, "మంచిది పెద్దాయనా. వచ్చే ఆదివారం నుంచి మీరే వాయించండి" అన్నారు.

"వద్దులే అయ్యగారూ. మీ బామ్మర్ది బాగానే వాయిస్తాండాడు. ఉండాదని చూపిచ్చేకి వచ్చినా" అని చెప్పి, జిరాక్సు అక్కడే వదిలి వచ్చేశాడు. ఈ సంగతి నాకు ఫోనులో చెప్పాడు. మరి అంత కష్టపడింది ఎందుకని అడిగాను.

"ఎం.ఏ. చదివినా గదా పాపా" అన్నాడు. నాకు అర్థం కాలేదనుకున్నాడేమో, "బాగుండె" అని కలిపాడు.

అంత సంతోషంగా ఆయన మాట్లాడటం నేను అదొక్కసారే విన్నాను. తర్వాత రిటైరయ్యాడు. అప్పుడప్పుడూ ఫోను చేసి, బడిలో ఎవరెవరు ఎలా పాడుతున్నారని అడిగేవాడు. ఎవరి స్వరం ఎక్కడ జారుతోందో చెబితే, వాళ్లకు ఆ మాట చెప్పానా లేదా అని అడిగేవాడు. చెప్పలేదంటే ఫోను పెట్టేసేవాడు. మొన్న గురువారం నిద్రలోనే పోయాడట. సమాధి కార్యక్రమానికి నేను అందుకోలేకపోయాను.

జ్ఞాపకార్థ కూడిక ఆదివారం మధ్యాహ్నం. వాళ్లమ్మాయి ఫోను చేసి, "నాయన పాట పాడతారా అక్కా" అని అడిగింది. వెళ్లేటప్పుడు మామ కూడా వస్తానన్నాడు. చర్చిలో వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అయ్యగారి బామ్మర్ది తన కీబోర్డు మీద షడ్జం ఒక్కటి నొక్కి పట్టి, ఇంకేమీ వాయించకుండా పాట అయ్యేవరకూ ఉన్నాడు. సంస్కారం గల మనిషే.

నేను పాడుతుంటే మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఏదో కీర్తన అనుకున్నారు. కోటకందుకూరు దగ్గర ఎడమవైపు బెంచీల్లో ఒకావిడ తలెత్తి పక్కావిడ మోచేయి పట్టుకుంది. బత్తలూరుకు ఇద్దరు మగవాళ్లు కొంచెం సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. చరణం అయ్యేసరికి జనం తమ ఊరు వస్తుందా రాదా అని వింటున్నారు. ఆగాల్సిన చోట ఆగాను. ఆ కాసేపూ చర్చిలో ఫ్యాన్లు తప్ప ఏదీ వినపడలేదు.

బయట షామియానా కింద భోజనాలు. నేను ఆకు ముందు కూర్చోబోతుంటే ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. తెల్ల పంచె, మెడలో ఎర్ర తువ్వాలు.

"ఏమ్మా, మా ఊరు రాల్యా."

"ఏ ఊరు తాతా?"

"ఎర్రకొట్టాల. ఇరవై ఇండ్లు. యాడో ఉందిలే, ఎవురికీ తెల్దు. మాకు కరెంటు ఇచ్చింది ఆయప్పే. వానలో మూడు దినాలు ఆడనే ఉండి స్తంభాలు పాతినాడు. మా ఇంట్లోనే సంగటి తిన్యాడు. నువ్వు అన్ని ఊర్లూ చెప్పి మా ఊరు చెప్పల్యా."

ఒక్క మాట మార్చనని పేపరే పోగొట్టుకున్న మనిషి పాట అది. ఆయన రాసిన కాగితం నా సంచిలో ఉంది. తీసి చూశాను, ఎర్రకొట్టాల లేదు. మరిచిపోయాడో, తాళంలో ఇమడలేదో, ఆ లైను వేరో, అడగడానికి ఆయన లేడు. ముసలాయన పోలేదు. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. మామ ఆకు ముందు కూర్చుని, అన్నం కలపకుండా, నా వైపు చూస్తున్నాడు.

ఎర్రకొట్టాల. ఐదు అక్షరాలు. చరణంలో బత్తలూరు తర్వాత స్వరం పైకి పోయి దిగే చోట, 'ర్ర' దగ్గర కొంచెం ఆనించి, 'ట్టా' సాగదీస్తే పడుతుంది. మామ జేబులోంచి పెన్ను తీసుకుని, ఆ వరస పక్కన రాసుకున్నాను. తొడ మీద తాళం వేసుకుంటూ, పక్కవాళ్లకు వినపడకుండా, ఒకసారి సన్నగా పాడి చూశాను. ఇమిడింది.

"ఇట్ల తాతా" అన్నాను.

ముసలాయన చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు. "ఇనపడల్యా. గట్టిగా పాడు" అన్నాడు.

లేచి నిలబడి, గట్టిగా పాడాను.